కంటి డాక్టరుకి ఒంటి సంగతి చెప్పాలి

కంటి డాక్టరు దగ్గరికి వెళ్తే, లోపలికి పంపే ముందు మనల్ని అడిగేవి రెండే ప్రశ్నలు. "షుగర్ ఉందా అమ్మా? బీపీ ఉందా?" ఉంటే ఎన్నేళ్ళ నుంచో రాసుకుంటారు. లేకపోతే లేదని టిక్కు పెట్టుకుని అక్షరాల బోర్డు ముందు కూర్చోబెడతారు. మనమూ అడిగినంత వరకే చెబుతాం. కన్ను చూపించుకోవడానికి వచ్చి, ఏళ్ళ కిందట ఎప్పుడో అయిన ఆపరేషన్ సంగతి ఎత్తడమేమిటి, దానికీ దీనికీ సంబంధమేమిటి అనుకుంటాం.

సంబంధం ఉంది. అరుదుగానే కావచ్చు, కానీ ఉన్నప్పుడు మాత్రం చాలా పెద్ద సంబంధం. ఒంట్లో ఎక్కడో ఉన్న క్యాన్సర్ కంట్లో బయటపడే సందర్భాలున్నాయి. కొందరికి, తగ్గిపోయిందనుకున్న జబ్బు తిరగబెట్టిందని ముందుగా చెప్పేది కన్నే. ఇంకొందరికి, అసలు ఒంట్లో ఆ జబ్బు ఉందని మొట్టమొదట చెప్పేదీ కన్నే. అందుకని నేను చెప్పదలుచుకున్నది ఇది: క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్ళు, ఇప్పుడు వైద్యంలో ఉన్నవాళ్ళు, కంటి డాక్టరు అడిగినా అడగకపోయినా ఆ సంగతి చెప్పి తీరాలి. అలా నోరు విప్పి చెప్పగలిగే వీలు ఇంట్లోవాళ్ళు వాళ్ళకి కల్పించాలి. ఈ రెండో పని మొదటిదానికంటే కష్టం. ఎందుకో చెబుతాను.

ముందు కన్ను సంగతి చూద్దాం. కన్ను కెమెరా లాంటిదని చిన్నప్పుడు బడిలో చదువుకున్నాం. ముందు అద్దం, వెనకాల బొమ్మ పడే తెర. ఆ తెరే రెటీనా. దాని వెనక కోరాయిడ్ అని ఇంకో పొర ఉంటుంది. అంతా సన్నటి రక్తనాళాల అల్లిక. రెటీనాకి తిండీ గాలీ అందించే పని దానిదే కాబట్టి, దాని పరిమాణానికి మించి రక్తం అందులో పారుతూ ఉంటుంది. రొమ్ములోనో ఊపిరితిత్తుల్లోనో ఉన్న క్యాన్సర్ కణాలు కొన్ని రక్తంలో పడి ప్రయాణం చేసినప్పుడు ఎముకల్లో, కాలేయంలో, మెదడులో దిగినట్టే, ఒక్కోసారి ఈ పొరలో కూడా దిగుతాయి. పెద్దవాళ్ళ కంటి లోపల కనిపించే క్యాన్సర్లలో ఎక్కువ భాగం కంట్లో పుట్టినవి కావు, ఇలా వేరే చోటి నుంచి వచ్చి చేరినవే. ఆడవాళ్ళలో ఎక్కువగా రొమ్ము నుంచి, మగవాళ్ళలో ఎక్కువగా ఊపిరితిత్తుల నుంచి వస్తాయి.

అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలోని విల్స్ కంటి ఆసుపత్రి డాక్టర్లు 1997లో ఒక పెద్ద లెక్క ప్రచురించారు. ఇలా వేరే చోటి నుంచి క్యాన్సర్ కంటికి చేరిన 420 మందివి, మొత్తం 520 కళ్ళు పరీక్షించి రాసిన లెక్క అది. ఆ కళ్ళలో కనిపించిన గడ్డల్లో నూటికి 88 ఉన్నది ఈ కోరాయిడ్ పొరలోనే. దాదాపు సగం మందికి అసలు జబ్బు రొమ్ము క్యాన్సర్. అందులో నన్ను ఆపేసిన అంకె ఇంకొకటి ఉంది. నూటికి 34 మందికి, కంటి డాక్టరు చూసేనాటికి ఒంట్లో క్యాన్సర్ ఉందనే తెలియదు. చూపు మసకబారిందని వచ్చారు, అంతే. మిగిలిన 66 మందికి మాత్రం అప్పటికే జబ్బు చరిత్ర ఉంది. అంటే ప్రతి ముగ్గురిలో ఇద్దరి దగ్గర, డాక్టరుకి దారి చూపించే మాట ఒకటి సిద్ధంగా ఉందన్నమాట. అది నోటి దాకా రావాలి, అంతే.

దీని లక్షణాలేమైనా ప్రత్యేకంగా ఉంటాయా అంటే, అక్కడే వచ్చింది చిక్కు. చూపు మసకగా ఉంటుంది. సరళరేఖలు వంకరగా కనిపిస్తాయి. కళ్ళ ముందు మెరుపులు మెరిసినట్టు, నల్లటి నలుసులు తేలినట్టు అనిపిస్తుంది. చాలామందికి నొప్పి ఉండదు, కన్ను ఎర్రబడదు. ఇవన్నీ మామూలు కంటి జబ్బుల్లోనూ ఉండేవే. నలభై దాటితే చత్వారం, అరవై దాటితే శుక్లాలు, షుగరుంటే రెటీనా దెబ్బతినడం. నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు మన మసక చూపుకి కారణం ఇలాంటిదే అయి ఉంటుంది. డాక్టరు కూడా ముందు వాటి వైపే చూస్తాడు, చూడాలి కూడా. ఆయన ఆలోచన వేరే దారి పట్టాలంటే మన దగ్గర్నుంచి ఏదో ఒక ఆధారం అందాలి.

మా వారి వైపు బంధువుల్లో నాకు వదిన వరస అయ్యే ఆవిడ ఒకరున్నారు. ఆవిడని అడిగే ఇది రాస్తున్నాను. పేరు, ఊరు మాత్రం రాయను. ఏడేళ్ళ కిందట ఆవిడకి రొమ్ములో గడ్డ వచ్చింది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. ఆ తర్వాత ఐదేళ్ళు మాత్రలు మింగారు. ఈ విషయం ఇంట్లో నలుగురికీ, నాలాంటి ఒకరిద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు. అప్పటికి చిన్నమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు. "తల్లికి ఉంటే కూతురికీ వస్తుందట" అనే మాట పుట్టిందంటే పెళ్ళి కాదని భయం. జుట్టు ఊడిపోయినప్పుడు తిరుపతి మొక్కు అన్నారు. ఆసుపత్రిలో ఉన్న రోజులకి గర్భసంచి ఆపరేషన్ అని చెప్పారు. ఇంటిగుట్టు లంకకు చేటు అని వింటూ పెరిగినవాళ్ళం, మనకి ఇవన్నీ కొత్త కాదు. అమ్మాయి పెళ్ళి బాగానే జరిగింది. ఐదేళ్ళు దాటాయి, గండం గడిచింది అనుకుని వదిన ఏడాదికోసారి చూపించుకోవడం కూడా మానేశారు.

కిందటి ధనుర్మాసంలో ఆవిడకి ముగ్గు గీతలు వంకర్లు పోతున్నట్టు కనిపించడం మొదలైంది. చెయ్యి వణుకుతోందేమో అనుకున్నారట. తర్వాత గుమ్మం, కిటికీ ఊచలు కూడా మధ్యలో వంగినట్టు అనిపించాయి. కళ్ళజోళ్ళ షాపులో పవర్ మార్చారు. నెలన్నరకి ఇంకోసారి మార్చారు. అప్పటికీ లాభం లేకపోయేసరికి కంటి డాక్టరుకి చూపించారు. అక్కడ షుగర్, బీపీ అడిగారు. రెండూ లేవన్నారు. శుక్లం మొదలైంది, ముదిరాక తీయించుకుందురుగాని అన్నారు. ఇంకేమైనా జబ్బులున్నాయా అని డాక్టరు అడగలేదు. అడిగినా ఆవిడ చెప్పేవారు కాదు. ఎందుకంటే ఆ గదిలో ఆవిడ పక్క కుర్చీలో కూర్చున్నది అల్లుడు.

నిజానికి ఆ అల్లుడు చాలా మంచివాడు. అత్తగారి కన్ను బాగోలేదంటే సెలవు పెట్టి మరీ కారులో తీసుకెళ్ళాడు. ఇంతకంటే ఎవరైనా ఏం కోరుకుంటారు? కానీ ఆ మంచితనమే ఆవిడ నోటికి తాళం వేసింది. ఏ మనిషి చెవిన పడకూడదని ఇన్నేళ్ళు దాచారో ఆ మనిషే పక్కనుంటే ఎలా చెబుతారు?

మూడు నెలలు అలా గడిచాయి. ఎడమ కంటికి మధ్యలో మబ్బు కమ్మినట్టయింది. ఈసారి పట్నంలో రెటీనా డాక్టరు దగ్గరికి వెళ్ళారు. నన్నూ తోడు రమ్మన్నారు. చుక్కల మందు వేసి, కంటిపాప పెద్దదయ్యాక లోపల చూసి, స్కాన్ తీసి, ఆ డాక్టరమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగింది. "అమ్మా, మీకు ఎప్పుడైనా రొమ్ములో గడ్డ గానీ, ఇంకేదైనా పెద్ద ఆపరేషన్ గానీ అయిందా?" ఆ సమయానికి అల్లుడు కారు పెట్టడానికి చోటు దొరక్క కింద తిరుగుతున్నాడు. వదిన నా చెయ్యి పట్టుకున్నారు. ఏడేళ్ళలో మొదటిసారి ఇంకో కొత్త మనిషికి ఆ మాట చెప్పారు.

తర్వాత పనులు చకచకా జరిగాయి. క్యాన్సర్ డాక్టరు దగ్గరికి పంపారు. పెట్ స్కాన్ తీస్తే వెన్నెముకలో కూడా రెండు చోట్ల కనిపించింది. కొత్త మాత్రలు మొదలుపెట్టారు, కంటికి కొన్నాళ్ళు రేడియేషన్ ఇచ్చారు. రెటీనా కింద చేరిన నీరు తగ్గింది, చూపు కొంత తిరిగొచ్చింది. మొత్తం రాలేదు. జబ్బు అదుపులో ఉంది, మాత్రలు నడుస్తున్నాయి. రేడియేషన్‌కి రోజూ తీసుకెళ్ళింది ఆ అల్లుడే. "ముందే చెప్పి ఉండాల్సింది అత్తయ్యా" అని ఒక్కమాట అన్నాడట, మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

మొదటిసారే చెప్పి ఉంటే ఏమయ్యేది? జబ్బు రాకుండా పోయేది కాదు. ఆ మాట స్పష్టంగా చెప్పుకోవాలి, లేకపోతే ఆవిడ నెత్తిన లేనిపోని నింద వేసినట్టవుతుంది. కానీ కంటి మీద మూడు నెలల దెబ్బ తప్పేది. వెన్నెముకలో ఉన్నది మూడు నెలలు ముందు తెలిసేది. ఇలాంటి జబ్బులో మూడు నెలలంటే చిన్న విషయం కాదు.

ఇదొక్కటే దారి కాదు. క్యాన్సర్ కంటిని తాకే పద్ధతులు ఇంకా ఉన్నాయి, వాటిలో కొన్ని వింటే ఆశ్చర్యమేస్తుంది. గడ్డ కంటి దాకా రాకుండానే చూపు పోయే జబ్బు ఒకటుంది. 1976లో అమెరికా డాక్టర్లు దీన్ని మొదటిసారి వివరంగా రాశారు. ఊపిరితిత్తుల్లో ఒక రకం క్యాన్సర్ ఉన్నవాళ్ళలో ఎక్కువగా కనిపిస్తుంది. రెటీనాలో ఉండాల్సిన రికవరిన్ అనే ప్రోటీన్‌ని ఆ గడ్డ కూడా తయారు చేస్తుంది. మన ఒంట్లోని రక్షణ సైన్యం గడ్డ మీదికి యుద్ధానికి వెళ్ళి, అదే ప్రోటీన్ కంట్లో కూడా కనిపించేసరికి కంటినీ కొడుతుంది. దొంగ మన పిల్లాడి చొక్కా లాంటిదే తొడుక్కుంటే, పోలీసులు చొక్కా గుర్తుపట్టి మన పిల్లాణ్ణి కొట్టినట్టు. వెలుతురు భరించలేకపోవడం, చీకట్లో బొత్తిగా కనిపించకపోవడం, మెరుపులు, కొన్ని వారాల్లోనో నెలల్లోనో రెండు కళ్ళకీ చూపు తగ్గిపోవడం దీని గుర్తులు. మొదట్లో డాక్టరు లోపల చూసినా రెటీనా మామూలుగానే ఉన్నట్టు కనిపించవచ్చు. ఈఆర్జీ అనే పరీక్షలో గానీ పట్టుబడదు. కొందరిలో ఊపిరితిత్తుల జబ్బు బయటపడక ముందే ఇది మొదలవుతుంది.

ఇంకొకటి కనురెప్ప. ఒక కన్ను రెప్ప కాస్త వాలి, అదే వైపు కంటిపాప చిన్నదై, ముఖానికి ఆ పక్క చెమట పట్టకపోతే, దాన్ని హార్నర్ లక్షణమంటారు. దానికి కారణాలు చాలా ఉన్నాయి. ఊపిరితిత్తి కొనన పుట్టిన గడ్డ అక్కడి నరాన్ని నొక్కడం వాటిలో ఒకటి. అలాంటివాళ్ళకి భుజం నొప్పి, చెయ్యి లాగడం కూడా ఉంటాయి. మనం రెప్ప వాలితే నిద్ర చాలలేదంటాం, భుజం పట్టేస్తే తలగడ మారుస్తాం. రెండూ ఒకే వైపు ఉన్నాయని ఎవరో ఒకరు గమనించాలి. ముఖ్యంగా పొగతాగే అలవాటున్న మనిషిలో.

రక్త క్యాన్సర్‌లో రెటీనా మీద చిన్న చిన్న రక్తపు మరకలు పడతాయి. పడుచు పిల్లాడు హఠాత్తుగా ఒక కన్ను మసకగా ఉందని వస్తే, లోపల ఆ మరకలు చూసి కంటి డాక్టరు వెంటనే రక్తపరీక్షకి పంపిస్తారు. మన ల్యాబుల్లో సీబీపీ అంటారే, ఆ మామూలు పరీక్షే. కన్ను ఎర్రబడటం, లోపల వాపు అని చుక్కలు వేస్తుంటే తగ్గడం, ఆపగానే మళ్ళీ రావడం, ఇలా నెలల తరబడి సాగితే, అదీ పెద్ద వయసువాళ్ళలో అయితే, ఒక్కోసారి దాని వెనక లింఫోమా ఉంటుంది. చిన్నపిల్లల విషయమూ చెప్పాలి. దెబ్బ తగలకుండా పిల్లల కళ్ళ చుట్టూ కమిలినట్టు నల్లబడితే, గుడ్డు ముందుకి పొడుచుకొస్తే, దిష్టి తీసి ఊరుకోకూడదు. కడుపులో, మూత్రపిండాల పైన ఉండే గ్రంథిలో పుట్టే న్యూరోబ్లాస్టోమా అనే గడ్డ ఒక్కోసారి అలా కళ్ళ దగ్గర బయటపడుతుంది. దిష్టి తీయండి, తప్పేం లేదు. తీసి, ఆ రోజే డాక్టరుకి చూపించండి.

మందుల సంగతి కూడా ఇందులోకే వస్తుంది. రొమ్ము క్యాన్సర్‌కి ఏళ్ళ తరబడి వాడే టామాక్సిఫెన్ మాత్ర అరుదుగా రెటీనాని దెబ్బతీస్తుంది, శుక్లాలకీ కారణం కావచ్చు. కీమోతో పాటు ఇచ్చే స్టిరాయిడ్ల వల్ల శుక్లాలు, నీటికాసులు రావచ్చు. అలాగని ఎవరూ మాత్ర మానేయకూడదు, అది ప్రాణం కాపాడే మాత్ర. ఏం వాడుతున్నామో కంటి డాక్టరుకి తెలిస్తే ఆయన దానికి తగ్గట్టు చూస్తారు. అంటే జబ్బు తిరగబెట్టకపోయినా, ఆ చరిత్ర ఆయనకి అవసరమే.

ఇప్పుడు అసలు కష్టమైన చోటికి వద్దాం. డాక్టరు దగ్గరా ప్లీడరు దగ్గరా ఏదీ దాచకూడదని మన పెద్దలే చెప్పారు. మరి ఎందుకు దాస్తున్నాం?

పాత తెలుగులో ఈ జబ్బుని రాచపుండు అనేవారు. పేరు పెట్టి పిలిచేవారన్నమాట. ఇప్పుడు ఆసుపత్రులు పెరిగాయి, మందులు పెరిగాయి, పేరు మాత్రం పోయింది. "ఆ జబ్బు" అంటాం, "అదే, ఆవిడకి వచ్చిందే" అంటాం. 1981లో వచ్చిన ప్రేమాభిషేకంలో కథానాయకుడు తనకి క్యాన్సరని దాచి, ప్రేమించిన అమ్మాయి తనని అసహ్యించుకునేలా నటిస్తాడు. హాలు హాలంతా ఏడ్చింది. దాచడం త్యాగమని, చెప్పడం స్వార్థమని మన మనసుల్లో ఎక్కడో నాటుకుపోయింది. ఇంట్లో ఆడవాళ్ళ విషయంలో అది ఇంకా ఎక్కువ. తన జబ్బు వల్ల పిల్ల పెళ్ళి ఆగకూడదు, కొడుకు ఉద్యోగం దెబ్బతినకూడదు, కోడలికి చాకిరీ కాకూడదు.

దాచేవాళ్ళని నేను తప్పుపట్టను. పెళ్ళిచూపుల్లో ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. వంశంలో షుగరుందా అని అడిగే రోజులివి. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి కొద్ది భాగమే అయినా, "తల్లికి ఉందట" అన్న ఒక్క మాటతో వెనక్కి వెళ్ళిన సంబంధాలున్నాయి. జాలి చూపులు, "అయ్యో, ఎన్నాళ్ళన్నారు?" అనే పరామర్శలు భరించడం కంటే గర్భసంచి ఆపరేషన్ అని చెప్పేయడమే సుఖం. చుట్టాలకి చెప్పాలా వద్దా అన్నది జబ్బు పడ్డ మనిషి ఇష్టం. అందులో వేలు పెట్టే హక్కు నాకు లేదు, మీకూ లేదు.

కానీ డాక్టరు గది వేరు. అక్కడ దాచిన మాట లోకం నోరు మూయదు, మన వైద్యం నోరు మూస్తుంది. ఇప్పటి వైద్యం ఒంటిని ముక్కలు ముక్కలుగా పంచుకుంది. కంటికొకరు, గుండెకొకరు, ఎముకలకొకరు. ఒకరు రాసింది ఇంకొకరికి కనిపించదు. ఆ ముక్కల్ని ఒకచోట కుట్టగలిగింది ఆ ఒంటి యజమాని నోటి మాట ఒక్కటే.

దీనికి ఎదురు మాట నాకు తెలుసు. "ఇలాంటివి రాసి జనాన్ని భయపెట్టడమెందుకు? ఇక కంట్లో నలుసు పడ్డా క్యాన్సరేనని వణుకుతారు." నిజమే, భయపడేవాళ్ళు భయపడతారు. మళ్ళీ చెబుతున్నాను, ఇవన్నీ అరుదు. మీకు మసకగా ఉంటే అది చత్వారమో శుక్లమో అయి ఉంటుంది, హాయిగా కళ్ళద్దాలు మార్చుకోండి. నేను కోరేది స్కాన్ల కోసం పరుగెత్తమని కాదు. క్యాన్సర్ వచ్చినవాళ్ళు ఒక వాక్యం చెప్పాలి. దానికి ఖర్చు లేదు, సూది లేదు. విన్న డాక్టరు చుక్కలు వేసి ఇంకాస్త జాగ్రత్తగా లోపల చూస్తారు, ఏమీ లేదంటారు. ఆ "ఏమీ లేదు" అన్న మాటకి అప్పుడే విలువ. సంగతి తెలియకుండా చెప్పిన "ఏమీ లేదు" మీద ఎలా నమ్మకం పెట్టుకోవడం?

ఇక ఇంట్లోవాళ్ళు చేయాల్సిన పని. పెద్దవాళ్ళని ఆసుపత్రికి తీసుకెళ్ళే కొడుకులు, అల్లుళ్ళు, కోడళ్ళు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. వాళ్ళతో పాటు లోపలికి వెళ్ళండి, కాసేపయ్యాక "మందులు తెస్తాను" అనో "ఫోనొచ్చింది" అనో బయటికి రండి. ఆ ఐదు నిమిషాలు వాళ్ళకి వదిలేయండి. ఆడమనిషి తన ఒంటి గురించి అల్లుడి ముందు చెప్పదు, కొడుకు ముందు చెప్పదు, ఒక్కోసారి మొగుడి ముందు కూడా చెప్పదు. డాక్టర్లకి కూడా నాదొక విన్నపం. షుగర్, బీపీ పక్కన మూడో ప్రశ్న ఒకటి చేర్చండి. "ఇంతకు ముందు గడ్డ తీయడం, కీమో, రేడియేషన్ లాంటివి ఏమైనా జరిగాయా?" ఆ ప్రశ్న మనిషి ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి.

నోటితో చెప్పడం కష్టమైతే కాగితం ఉంది. ఏ సంవత్సరం ఏ ఆపరేషన్, ఎక్కడ, కీమో అయిందా, రేడియేషన్ అయిందా, ఇప్పుడు ఏ మాత్రలు, క్యాన్సర్ డాక్టరు ఫోన్ నంబరు. ఆరు వరసలు. డిశ్చార్జి కాగితం జిరాక్సుతో పాటు మడిచి పర్సులో పెట్టుకుంటే, ఆధార్ కార్డు తీసినట్టే తీసి డాక్టరు బల్ల మీద పెట్టొచ్చు. పక్కనున్నవాళ్ళ చెవిన పడనక్కర్లేదు. ఇంట్లో అందరి ఫైళ్ళూ మనమే దాస్తాం. అత్తగారి ఈసీజీ, ఆయన షుగర్ రిపోర్టు, పిల్లల టీకాల కార్డులు ఏ సొరుగులో ఉన్నాయో నిద్రలో లేపి అడిగినా చెబుతాం. మన ఫైలు ఎక్కడుందో ఓసారి చూసుకుందాం.

ఇంట్లో చేసుకోగల చిన్న పరీక్ష కూడా ఉంది. రెండు కళ్ళూ తెరిచి ఉంటే బాగున్న కన్ను బాగోలేనిదాన్ని కప్పిపుచ్చుతుంది. అందుకని ఒక్కో కన్ను మూసి, చదివే కళ్ళద్దాలు పెట్టుకునేవాళ్ళు అవి పెట్టుకుని, వంటింటి గోడ మీది టైల్స్ గీతల వంక చూడండి. గీతలు నిటారుగా ఉన్నాయా, ఎక్కడైనా వంగాయా, మధ్యలో మరకలా ఏమైనా ఉందా. తేడా కనిపిస్తే కళ్ళజోళ్ళ షాపుకి కాదు, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. చుక్కలు వేసి కంటి లోపల చూడమని అడగండి. అవసరమైతే రెటీనా డాక్టరు దగ్గరికి పంపమనండి. హైదరాబాదులో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటి చోట్ల కంటి క్యాన్సర్లకి వేరే విభాగమే ఉంది. కొత్తగా చూపులో తేడా వస్తే క్యాన్సర్ డాక్టరుకి కూడా ఫోన్ చేసి చెప్పండి, ఏడాది పరీక్ష దాకా ఆగకండి.

మన దేశంలో ఆడవాళ్ళకి వచ్చే క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సరే అన్నిటికంటే ఎక్కువ. వైద్యం చేయించుకుని ఏళ్ళ తరబడి మామూలుగా బతుకుతున్నవాళ్ళు మన వీధిలోనే ఉంటారు, మనకి తెలియదు, అంతే. వాళ్ళందరికీ ఏదో ఒక రోజు చత్వారం వస్తుంది, శుక్లాలు వస్తాయి, కంటి డాక్టరు ముందు కూర్చుంటారు. వాళ్ళలో ఒకరు ఇది చదువుతుంటే, ఆ మాట ఇప్పుడే ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఒకసారి పైకి అని చూడండి. "డాక్టరుగారూ, నాకు ఫలానా సంవత్సరంలో క్యాన్సర్ వచ్చి తగ్గింది." మొదటిసారి గొంతు పట్టేస్తుంది. రెండోసారికి వస్తుంది.